ఇన్ఫెక్షన్లు, యాంటీబాడీలను తయారుచేసే కణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రక్త పరీక్షల ల్యాబులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. రిపోర్టు చేతికివ్వగానే జనం అడిగేది దాదాపు ఒకటే: "యాంటీబాడీలు వచ్చాయా, రాలేదా?" కొవిడ్ తర్వాత ఈ మాట ఇంటింటి మాట అయిపోయింది. ఆ యాంటీబాడీలను తయారుచేసే కణం గురించి మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. ఒక్కో జబ్బు ఆ కణాలను ఒక్కో రకంగా మారుస్తుంది. ఒకటి వాటికి పని నేర్పి వెళ్తుంది. ఇంకొకటి అప్పటిదాకా నేర్చుకున్నది చెరిపేస్తుంది. మరొకటి వాటిలోనే కాపురం పెడుతుంది. ఈ సంగతి తెలియక రిపోర్టును తప్పుగా చదువుకుని, అక్కర్లేని మందులు వాడి, అక్కర్లేని టెన్షన్ పడేవాళ్ళను రోజూ చూస్తున్నాను. వాళ్ళ కోసమే ఇది రాశాను. మందుల విషయం మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

యాంటీబాడీలను తయారుచేసేది ఏ కణం?

బి కణం. యాంటీబాడీలంటే సూక్ష్మజీవులకు అతుక్కుని వాటిని అడ్డుకునే ప్రోటీన్లు. తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం ఉంది, అందులో ఒక తెగ ఈ బి కణం. పెద్దవాళ్ళలో ఇవి వెన్నుపూసలు, కటి ఎముకలు, రొమ్ము ఎముక లాంటి వాటి లోపలి మూలుగలో పుడతాయి.

ప్రతి బి కణం ఒక్క ఆకారాన్నే గుర్తుపట్టగలదు. ఏ సూక్ష్మజీవి వస్తుందో తెలియకుండానే, అది రాకముందే, లెక్కలేనన్ని రకాల బి కణాలు మన ఒంట్లో సిద్ధంగా ఉంటాయి. పాత చీర ముక్కలు ఏరి ఒక్కో బొంతను ఒక్కో తీరుగా కుట్టినట్టు, ప్రతి బి కణం తన జన్యువుల ముక్కలను తనకు తోచిన వరసలో కలుపుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది.

తనకు సరిపోయే సూక్ష్మజీవి తగిలిన బి కణం చీలి చీలి వేల కణాలవుతుంది. అందులో కొన్ని ప్లాస్మా కణాలుగా మారతాయి. యాంటీబాడీలను నిజంగా పోసేది ఇవే. రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ప్లాస్మా కణం ఇట్టే తెలిసిపోతుంది. కోడిగుడ్డు ఆకారం, ఒక పక్కకు నెట్టేసినట్టున్న కేంద్రకం, దానిలో బండిచక్రం ఆకుల్లాంటి గీతలు, మిగతా ఒళ్ళంతా ముదురు నీలం. ఆ నీలం ఉన్న చోటంతా ప్రోటీను తయారీ సరంజామా. ఒక్క ప్లాస్మా కణం సెకనుకు వేల యాంటీబాడీలు వదులుతుంది. ఇంకొన్ని బి కణాలు ఏమీ తయారుచేయకుండా, అదే సూక్ష్మజీవి మళ్ళీ వస్తే లేవడానికి సిద్ధంగా ఉండిపోతాయి. వాటిని జ్ఞాపక కణాలంటారు.

"బి" అనే పేరు వెనక ఒక కోళ్ళ కథ ఉంది. కోడి మలద్వారం దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కొన్ని కోళ్ళకు ఆ సంచి తీసేశాడు. పాఠంలో చూపించడానికి ఒక తోటివాడు ఆ కోళ్ళను తీసుకెళ్ళి సాల్మొనెల్లా ఇంజెక్షన్ చేస్తే, వాటిలో యాంటీబాడీలు పుట్టలేదు. ఆ సంగతి 1956లో ఒక కోళ్ళ శాస్త్రం పత్రికలో అచ్చయింది. చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బర్సాలోని మొదటి అక్షరమే ఈ రోజు మన రిపోర్టుల్లో ఉన్న "బి".

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

అమ్మమ్మలు చెప్పే ఈ మాట బి కణాల గురించి మన భాషలో ఉన్న మంచి పాఠం. పుండులోని సూక్ష్మజీవుల ముక్కలు లింఫ్ నాళాల గుండా దగ్గర్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. కాలికైతే ఆ గ్రంథి గజ్జల్లో, చేతికైతే చంకలో, గొంతుకైతే దవడ కింద ఉంటుంది. అక్కడ కాచుకుని ఉన్న బి కణాలు మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. గ్రంథి ఉబ్బి చేతికి తగులుతుంది. అదే బిళ్ళ.

ఆ బిళ్ళ లోపల జరిగేది మామూలు పెరుగుదల కాదు. అక్కడ ఒక బడి తెరుచుకుంటుంది. ప్రతిసారీ చీలేటప్పుడు బి కణం తన యాంటీబాడీ జన్యువులో చిన్న చిన్న మార్పులు చేసుకుంటుంది. మార్పు వల్ల సూక్ష్మజీవిని గట్టిగా పట్టుకోగలిగిన కణాలను అక్కడి టి కణాలు (లింఫోసైట్లలోనే ఇంకో తెగ) ముందుకు పంపిస్తాయి. పట్టు తప్పినవి అక్కడే చచ్చిపోతాయి. వారాల తరబడి సాగే ఈ వడపోత వల్లే, జబ్బు మొదట్లో పుట్టిన యాంటీబాడీ కంటే నెల తర్వాత పుట్టినది ఎన్నో రెట్లు గట్టిది. ఈ బడికి జెర్మినల్ సెంటర్ అని పేరు. కింద చెప్పబోయే జబ్బుల్లో కొన్ని దెబ్బకొట్టేది ఈ బడినే.

గవదబిళ్ళల్లో ఉబ్బేవి మాత్రం లింఫ్ గ్రంథులు కావు, లాలాజల గ్రంథులు. పేరులో బిళ్ళ ఉండడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

బిళ్ళ రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, రాయిలా గట్టిగా ఉన్నా, నొప్పి లేకుండా పెరుగుతున్నా డాక్టరుకు చూపించండి.

జ్వరం వచ్చిన రెండో రోజే డెంగీ ఐజీఎం చేయించాం, నెగెటివ్. అంటే డెంగీ కాదనేనా?

కాదు. బి కణాలు మేలుకుని, చీలి, ప్లాస్మా కణాలై, రక్తంలో కనపడేంత యాంటీబాడీ పోయడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రెండో రోజు ఐజీఎం (జబ్బు మొదట్లో పుట్టే రకం యాంటీబాడీ) వెతకడమంటే నాట్లు వేసిన వారానికే కోతకు వెళ్ళడం లాంటిది. ఆ రోజుల్లో వెతకాల్సింది వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రోటీనును. ఐదో రోజు దాటాక ఐజీఎం చూడాలి. చుక్క వేసి నిమిషాల్లో చూసే కార్డు టెస్టు కంటే, ల్యాబు యంత్రం మీద చేసే ఎలైజా నమ్మకం.

ఐజీఎం, ఐజీజీ రెండూ పాజిటివ్ అని ఉంది. ఇది కొత్తదా, పాతదా?

సాధారణంగా బి కణం మొదట పోసేది ఐజీఎం. తర్వాత బడిలో నేర్చుకుని ఐజీజీకి మారుతుంది. కాబట్టి ఐజీఎం కొత్తది, ఐజీజీ పాతది అని అందరం బండగుర్తు పెట్టుకున్నాం. అయితే డెంగీ ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో ఉండిపోవచ్చు. అంటే ఈ రోజు జ్వరం వేరే దానిదై, ఐజీఎం మాత్రం రెండు నెలల కిందటి డెంగీదై ఉండొచ్చు.

రెండోసారి డెంగీ వస్తే వరస తిరగబడుతుంది. పాత జ్ఞాపక కణాలు ముందు లేస్తాయి కాబట్టి జ్వరం మొదలైన కొద్ది రోజులకే ఐజీజీ బాగా ఎక్కువగా కనపడుతుంది. ఐజీఎం కొంచెమే ఉండొచ్చు, అసలు కనపడకనూ పోవచ్చు. అలాంటి రిపోర్టు చూసి "పాతదేలే" అని కొట్టిపారేస్తే ప్రమాదం.

ప్రతి జ్వరానికీ వైడాల్ పాజిటివ్ వస్తోంది. నాకు టైఫాయిడ్ ఒంట్లో ఉండిపోయిందా?

నన్ను బాగా బాధపెట్టే ప్రశ్న ఇది. కొంచెం వివరంగా చెబుతాను.

వైడాల్ పరీక్ష 1896 నాటిది. గాజు పలక మీద మీ సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం) చుక్క ఒకటి, చంపేసిన టైఫాయిడ్ బాక్టీరియా ఉన్న రంగు చుక్క ఒకటి వేసి, పుల్లతో కలిపి, పలకను ఒక నిమిషం అటూ ఇటూ తిప్పుతాం. యాంటీబాడీలు ఉంటే ఆ చుక్క విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది. లేకపోతే నునుపుగా ఉండిపోతుంది. పరీక్షంతా ఇంతే. బాక్టీరియా ఉందా లేదా అన్నది ఇందులో ఎవరూ చూడరు. ఏదో ఒకప్పుడు బి కణాలు ఇలాంటి ఆకారాన్ని చూశాయా అన్నదే చూస్తాం.

ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్, టైఫాయిడ్ కాని వేరే సాల్మొనెల్లా, ఇలాంటి నీళ్ళూ తిండీ మధ్య బతకడం, ఇవన్నీ మన బి కణాల మీద ముద్ర వేస్తాయి. అదీకాక మలేరియా లాంటి జ్వరాలు ఒంట్లోని బి కణాలను గుంపుగా తట్టి లేపుతాయి. అప్పుడు సంబంధం లేని పాత జ్ఞాపక కణాలు కూడా లేచి వాటి యాంటీబాడీలు పోస్తాయి. జ్వరం మలేరియాదే, పలుకులు మాత్రం వైడాల్ పలక మీద!

మా అక్క కొడుకుకు ఒకే ఏడాదిలో మూడుసార్లు "టైఫాయిడ్" వైద్యం జరిగింది. మూడుసార్లూ పలక మీద కొద్దిగా పలుకులు, మూడుసార్లూ వారం రోజుల ఇంజెక్షన్లు. వాటిలో ఒక పలక తిప్పింది నేనే. నాలుగోసారి జ్వరం దిగకపోతే వేరే డాక్టరు చొక్కా విప్పించి చూశారు. చంకలో సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పక్కు. అది స్క్రబ్ టైఫస్, సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. అప్పటి నుంచి బలహీనమైన వైడాల్ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను: టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే బ్లడ్ కల్చర్ ఇవ్వండి. అది బాక్టీరియానే పెంచి చూపించే పరీక్ష. వైడాలే దిక్కు అయితే వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, యాంటీబాడీ అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. ఒక్కసారి చేసిన వైడాల్‌తో తేల్చేయకూడదు.

డెంగీ రెండోసారి వస్తే ఎందుకు ప్రమాదం? యాంటీబాడీలు ఉంటే మంచిదే కదా?

డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. వేరే రకం వచ్చినప్పుడు లేచేవి పాత రకానికి తయారైన జ్ఞాపక కణాలే. వాటి యాంటీబాడీలు కొత్త వైరస్‌కు అతుక్కుంటాయి, కానీ దాన్ని పనిచేయకుండా ఆపలేవు. యాంటీబాడీ తోకను పట్టుకుని మింగే మాక్రోఫేజ్‌ల లాంటి కణాలు వైరస్‌తో సహా మింగేస్తాయి. డెంగీ వైరస్ పెరిగేది సరిగ్గా ఆ కణాల్లోనే. ఇంటి కాపలాదారే దొంగను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చినట్టు అవుతుంది.

క్యూబాలో ఇది స్పష్టంగా కనపడింది. 1977లో అక్కడ మొదటి రకం డెంగీ వచ్చింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు తీవ్రంగా జబ్బుపడినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు మొదటి రకం వచ్చినవాళ్ళే. ఆ ఏడాది 158 మంది చనిపోయారు. తల్లి నుంచి వచ్చిన డెంగీ యాంటీబాడీలు తగ్గుతూ ఉన్న వయసులో, అంటే ఆరు నుంచి తొమ్మిది నెలల పసివాళ్ళలో, మొదటి డెంగీయే ప్రమాదకరం కావడానికీ కారణం ఇదే.

ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకు డెంగ్వాక్సియా టీకా మొదలుపెట్టారు. 8 లక్షల మందికి పైగా పిల్లలకు వేశాక, 2017 నవంబరులో తయారీ సంస్థ సనోఫీయే ఒక సంగతి ప్రకటించింది: అంతకుముందు డెంగీ అసలు రాని పిల్లలకు ఈ టీకా వేస్తే, తర్వాత డెంగీ వచ్చినప్పుడు జబ్బు తీవ్రమయ్యే అవకాశం పెరుగుతోంది. వాళ్ళ బి కణాలకు టీకా ఒక మొదటి డెంగీలా పనిచేసింది. అప్పటి నుంచి ముందు రక్త పరీక్ష చేసి, డెంగీ వచ్చి ఉన్నవాళ్ళకే ఆ టీకా వేయాలన్న నియమం వచ్చింది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండోసారి డెంగీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కోలుకుంటారు. జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే అసలు కీలకం. ఆ రోజుల్లో విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, ఒళ్ళు చల్లబడడం, వీటిలో ఏది కనపడినా ఆసుపత్రికి పరుగెత్తండి. ఒళ్ళునొప్పులకు పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వాడకండి.

డెంగీ రిపోర్టులో "రియాక్టివ్ లింఫోసైట్స్" అని రాశారు. క్యాన్సరా?

చాలావరకు కాదు. ఇన్ఫెక్షన్‌తో మేలుకున్న లింఫోసైట్లు అవి, మామూలువాటి కంటే పెద్దవిగా, అంచులు నీలంగా ఉంటాయి. డెంగీలో వాటిలో గణనీయమైన వంతు ప్లాస్మా కణాలుగా మారుతున్న బి కణాలే. మామూలు రోజుల్లో ఇవి రక్తంలో వెతికినా దొరకవు. తీవ్రమైన డెంగీ రోజుల్లో కొందరిలో రక్తంలోని లింఫోసైట్లలో 30 శాతం దాకా ఇవే ఉన్నట్టు పరిశోధకులు లెక్కించారు. ఇంత పెద్ద ఉప్పెన చాలా జబ్బుల్లో కనపడదు. ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. జ్వరం తగ్గి నెలయ్యాక కూడా అవే కణాలు కనపడుతుంటే మాత్రం మళ్ళీ చూపించుకోవాలి.

తట్టు వచ్చిపోతే జీవితాంతం రాదంటారు. మరి టీకా ఎందుకు? వచ్చిపోనిస్తే సరిపోదా?

మొదటి మాట నిజం. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1781లో తట్టు (మీజిల్స్) వచ్చింది. తర్వాత 65 ఏళ్ళు రాలేదు. 1846లో మళ్ళీ వచ్చినప్పుడు దీవుల జనంలో చాలామందికి సోకింది గానీ, 1781లో తట్టు వచ్చిన ముసలివాళ్ళలో ఒక్కరికీ రాలేదు. పీటర్ పానుమ్ అనే యువ డాక్టరు ఇల్లిల్లూ తిరిగి ఇది రాసిపెట్టాడు.

రెండో మాటే ప్రమాదం. తట్టు వైరస్ జ్ఞాపక కణాల మీదుండే ఒక అణువునే తలుపుగా వాడుకుని లోపలికి వెళ్తుంది. వెళ్ళి వాటిని చంపుతుంది. ఆ బిడ్డ అప్పటిదాకా ఎన్నెన్నో జలుబులు, విరేచనాలు, చెవిపోట్లు పడి నేర్చుకున్నదంతా ఆ కణాల్లోనే ఉంది. తట్టు తన జ్ఞాపకాన్ని మాత్రం వదిలి, మిగతావాటిలో చాలావాటిని చెరిపేస్తుంది.

ఇది అంకెల్లో తేలింది 2019లో. నెదర్లాండ్స్‌లో టీకా వేయించని కుటుంబాల పిల్లలు 77 మంది దగ్గర తట్టు రాకముందు ఒకసారి, వచ్చిపోయాక ఒకసారి రక్తం తీసి పోల్చి చూశారు. పాత జబ్బుల మీద ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. తట్టు టీకా వేసిన పిల్లల్లో అలాంటి నష్టం లేదు. తట్టు తగ్గిన తర్వాతి నెలల్లో పిల్లలు న్యుమోనియాతోనూ విరేచనాలతోనూ ఎందుకు పోతుంటారో పాతకాలం వాళ్ళకు అంతుపట్టలేదు. కారణం ఇదే.

మన జాతీయ టీకాల పట్టికలో తట్టు-రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోసారి ఉచితంగా వేస్తారు. రెండో డోసు మర్చిపోయే తల్లులు ఉంటారు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఈ రోజే కార్డు తీసి చూడండి.

మలేరియా ఎన్నిసార్లు వచ్చినా మళ్ళీ ఎందుకు వస్తుంది?

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన బి కణాలు దాని ముందు తడబడుతూనే ఉన్నాయి.

ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం దగ్గర దాదాపు 60 వేషాలు ఉంటాయి. ఎర్ర రక్తకణం మీద అది తొడిగే ప్రోటీను ఒకటి. బి కణాలు ఆ వేషాన్ని గుర్తుపట్టేలోపు ఇంకొకటి తొడుగుతుంది. దీనికి తోడు, మళ్ళీ మళ్ళీ మలేరియా వచ్చేవాళ్ళలో జ్ఞాపక బి కణాల్లో ఒక పెద్ద భాగం అలసిపోయినట్టు తయారవుతుంది. ఉంటాయి, కానీ తట్టినా చురుగ్గా లేవవు. ఆఫ్రికాలోని మాలిలో వీటిని బాగా గమనించారు.

అయినా యాంటీబాడీలు దండగ కాదు. 1961లో గాంబియాలో పెద్దవాళ్ళ రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను మలేరియాతో ఉన్న పిల్లలకు ఎక్కిస్తే పరాన్నజీవుల సంఖ్య పడిపోయింది. అంటే ఏళ్ళ తరబడి కుట్టించుకున్న పెద్దవాళ్ళలో రక్షణ పుడుతుంది, ఆలస్యంగా, అసంపూర్తిగా. ఊరు వదిలి కొన్నేళ్ళు దూరంగా ఉంటే అదీ సన్నగిల్లుతుంది. కాబట్టి "నాకు అలవాటే" అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

హెచ్‌ఐవీ బి కణాల్లోకి వెళ్తుందా?

దాని ముఖ్య లక్ష్యం బి కణాలు కాదు, బడిలో వాటిని నడిపించే టి కణాలు. పంతుళ్ళు పోతే పిల్లలు బడిలో ఉన్నా చదువు సాగదు. చికిత్స లేని హెచ్‌ఐవీలో మొత్తం యాంటీబాడీల అంకె తగ్గదు సరికదా, పెరుగుతుంది. బి కణాలు గురి లేకుండా పోస్తూనే ఉంటాయి. న్యుమోనియా బాక్టీరియా వస్తే మాత్రం సరైన యాంటీబాడీ దొరకదు. అంకె ఎక్కువుంటే రక్షణ ఎక్కువ అనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు త్వరగా మొదలుపెడితే ఈ గందరగోళం చాలావరకు సర్దుకుంటుంది.

బి కణంలోనే ఉండిపోయే వైరస్ ఉందా?

ఉంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్. 1964లో ఆఫ్రికా పిల్లల దవడ గడ్డల నుంచి తెచ్చిన కణాల్లో దాన్ని కనిపెట్టారు. ఆ గడ్డలు బి కణాల క్యాన్సర్. దాన్ని 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ వర్ణించాడు. మలేరియా ఎక్కువున్న చోటే ఆ క్యాన్సర్ ఎక్కువ. ఒక ఇన్ఫెక్షన్ బి కణంలో కాపురముంటే, ఇంకొకటి ఆ కణాన్ని ఏళ్ళ తరబడి తరుముతూ ఉండడమే కారణం.

ఇది విని కంగారు పడకండి. పెద్దవాళ్ళలో 90 శాతం పైగా మందిలో ఈ వైరస్ జ్ఞాపక బి కణాల్లో నిద్రపోతూనే ఉంది, దాదాపు అందరిలో ఏ హానీ చేయదు. చిన్నప్పుడు మామూలు జలుబులా వచ్చిపోతుంది. పడుచు వయసులో మొదటిసారి వస్తే గొంతునొప్పి, మెడలో బిళ్ళలు, వారాల నీరసం. ఆ రోజుల్లో బి కణాలు ఎంత అడ్డదిడ్డంగా మేలుకుంటాయంటే, రోగి రక్తం గొర్రె ఎర్ర రక్తకణాలను సైతం గుంపులుగా అతికించేస్తుంది. 1932లో పాల్, బన్నెల్ అనే ఇద్దరు దాన్నే పరీక్షగా మార్చారు.

బాక్టీరియాలు కూడా ఈ కణాల మీద దెబ్బకొడతాయా?

కొడతాయి. సెగ్గడ్డలు తెచ్చే స్టాఫైలోకాకస్ ఆరియస్ దగ్గర ప్రోటీన్-ఎ అనేది ఉంది. అది యాంటీబాడీని తోక వైపు నుంచి పట్టుకుని తలకిందులు చేస్తుంది. బి కణాలకు కూడా అతుక్కుని వాటిని వృథాగా రేపి చచ్చిపోయేలా చేస్తుంది. సెగ్గడ్డలు ఒకరికే మళ్ళీ మళ్ళీ రావడానికి ఇదొక కారణం. ఎలుకల్లో సాల్మొనెల్లా తన ప్రోటీను ఒకదానితో మూలుగలోని ప్లాస్మా కణాలకు అక్కడ చోటు లేకుండా చేస్తుందని 2019లో చూపించారు. తీవ్రమైన సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినే స్థితి) బి కణాలు పెద్ద ఎత్తున చనిపోతాయి. ఐసీయూ నుంచి బయటపడ్డవాళ్ళు కొన్ని నెలలు ఇంకో ఇన్ఫెక్షన్ రాకుండా జాగ్రత్తపడాల్సింది అందుకే.

కొవిడ్ తర్వాత నా యాంటీబాడీల అంకె పడిపోయింది. రక్షణ పోయినట్టేనా?

పడాలి, పడితేనే సహజం. జబ్బు రోజుల్లో పుట్టిన ప్లాస్మా కణాల్లో ఎక్కువభాగం కొద్ది వారాలకు చచ్చిపోతాయి. రక్తంలోని ఐజీజీ సగం కావడానికి దాదాపు మూడు వారాలు. ఆ తర్వాత మూలుగలో చోటు సంపాదించుకున్న కొన్ని ప్లాస్మా కణాలే నెమ్మదిగా, ఏళ్ళ తరబడి పోస్తూ ఉంటాయి. 2021లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు, కొవిడ్ స్వల్పంగా వచ్చి ఏడు నెలలు దాటినవాళ్ళ మూలుగ తీసి చూస్తే చాలామందిలో అలాంటి కణాలు కనిపించాయి.

జ్ఞాపక కణాల ఆయుష్షు ఇంకా ఆశ్చర్యం. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను బతికి బయటపడ్డ 32 మందిని, 91 నుంచి 101 ఏళ్ళ వయసులో పరీక్షించారు. దాదాపు 90 ఏళ్ళ తర్వాత కూడా ఆ వైరస్‌ను అడ్డుకునే బి కణాలు వాళ్ళలో కొందరి రక్తంలో దొరికాయి.

అదే కొవిడ్‌తో చనిపోయినవాళ్ళ లింఫ్ గ్రంథులు, ప్లీహం (స్ప్లీన్) చూస్తే పైన చెప్పిన బడే కట్టలేదని 2020లో తేలింది. జబ్బు మరీ తీవ్రమైతే బి కణాలకు నేర్చుకునే వీలే దొరకదు.

జబ్బు తగ్గాక యాంటీబాడీలే మన మీద తిరగబడతాయా?

అప్పుడప్పుడు. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి తర్వాత కొందరు పిల్లల్లో ఆ బాక్టీరియాకు తయారైన యాంటీబాడీలు గుండె కవాటాలను కూడా శత్రువు అనుకుంటాయి. అదే రుమాటిక్ జ్వరం. మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి వేయించుకునేది మళ్ళీ ఆ బాక్టీరియా వచ్చి ఆ బి కణాలను లేపకుండా. ఆ ఇంజెక్షన్ మధ్యలో ఆపకండి, పిల్లాడు బాగానే ఆడుకుంటున్నా సరే. క్యాంపైలోబ్యాక్టర్ విరేచనాల తర్వాత కాళ్ళ నుంచి పైకి పాకే పక్షవాతం, గీయాన్-బారే సిండ్రోమ్, ఇలాంటిదే. 2025 మొదట్లో పుణేలో 200 మందికి పైగా దీనితో ఆసుపత్రుల్లో చేరారు.

అసలు యాంటీబాడీలే తయారుకాని పిల్లలు ఉంటారా?

ఉంటారు. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఎనిమిదేళ్ళ బాబు గురించి రాశాడు. మళ్ళీ మళ్ళీ న్యుమోనియా, సెప్సిస్. రక్తం పరీక్షిస్తే గామా గ్లోబులిన్ (యాంటీబాడీలు ఉండే ప్రోటీన్ల భాగం) ఉండాల్సిన చోట ఏమీ లేదు. యాంటీబాడీలు నెలనెలా ఇంజెక్షన్‌గా ఇస్తే బాబు కోలుకున్నాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది, అది లేకపోతే బి కణాలు మూలుగలోనే ఆగిపోతాయి. ఇది ఎక్కువగా మగపిల్లల్లో వస్తుంది. ఆరు నెలల వయసు దాటాక తల్లి యాంటీబాడీలు అయిపోయి, వరసగా చెవిలో చీము, న్యుమోనియా వస్తుంటే "దిష్టి" అనుకుని ఊరుకోకండి. ఇమ్యూనోగ్లోబులిన్ల (అంటే యాంటీబాడీల) పరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి.

పసిబిడ్డ బి కణాలు ఎప్పటి నుంచి పనిచేస్తాయి?

పుట్టినప్పటి నుంచీ, కానీ ముడి సరుకులా. అందుకే ప్రకృతి రెండు ఏర్పాట్లు చేసింది. మాయ గుండా తల్లి ఐజీజీ కడుపులోనే అందుతుంది. ముర్రుపాల నిండా ఐజీఏ అనే రకం యాంటీబాడీ ఉంటుంది, అది పేగుల గోడకు పూత పూసినట్టు కాపలా కాస్తుంది. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి వద్దు.

రెండేళ్ళలోపు పిల్లల బి కణాలు కొన్ని బాక్టీరియాల చక్కెర పొరను సరిగ్గా గుర్తుపట్టలేవు. ఆ చక్కెరను ఒక ప్రోటీనుకు అతికించి ఇస్తే టి కణాల సాయం దొరికి గుర్తుపడతాయి. ఇవే కాంజుగేట్ టీకాలు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ వాళ్ళ టైప్‌బార్ టీసీవీ ఈ పద్ధతిలో చేసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత పరిశీలించి ఇచ్చే ఆమోదం) పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అది. ఆరు నెలల వయసు నుంచి వేస్తారు.

ఇమ్యూనిటీ పొడులు బి కణాలను పెంచుతాయా?

ఒక జబ్బును గుర్తుపట్టే బి కణాలను పెంచేది ఆ జబ్బు సూక్ష్మజీవి, లేదా దాని టీకా. పొడికి ఆ ఆకారం తెలియదు. తిండి చాలని పిల్లలకు మాత్రం పప్పు, గుడ్డు, పాలు అందితే తేడా ఉంటుంది, యాంటీబాడీ కూడా ప్రోటీనే కదా.

ప్లీహం తీసేశారు, లేదా రిటుక్సిమాబ్ వాడుతున్నారు. ఏం చూసుకోవాలి?

రక్తంలోకి వచ్చిన న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాను వెంటనే పట్టే బి కణాలు ప్లీహంలో ఉంటాయి. అది లేనివాళ్ళకు జ్వరం వస్తే రేపటిదాకా ఆగకూడదు. రిటుక్సిమాబ్ బి కణాలను ఖాళీ చేస్తుంది, మూలుగలోని ప్లాస్మా కణాలను వదిలేస్తుంది. పాత యాంటీబాడీలు కొంతకాలం ఉంటాయి గానీ కొత్త టీకాకు స్పందన సరిగ్గా రాదు. అందుకే టీకాలు ముందే వేయించుకోవాలి.

యాంటీబాడీ పరీక్షకు వచ్చేటప్పుడు ల్యాబుకు, డాక్టరుకు ఏం చెప్పాలి?

జ్వరం మొదలైన తేదీ, గంటతో సహా గుర్తుంటే ఇంకా మంచిది. "మూడు నాలుగు రోజుల నుంచి" అంటే చాలదు, మూడో రోజు పరీక్ష వేరు, ఆరో రోజు పరీక్ష వేరు. ఇంతకుముందు డెంగీ, టైఫాయిడ్ వచ్చిందా, ఏ ఏడాది. ఈ మధ్య వేయించుకున్న టీకాలు. స్టెరాయిడ్లు, కీళ్ళవాతం మందులు, కీమో వాడుతున్నారా. రక్తం ఎక్కించారా, ఎందుకంటే వేరేవాళ్ళ యాంటీబాడీలు కూడా మీ రిపోర్టులో కనపడొచ్చు. పాత రిపోర్టులు పారేయకుండా ఒక కవరులో పెట్టి తీసుకురండి. ఇప్పటి అంకె పక్కన ఆరు నెలల కిందటి అంకె ఉంటే, డాక్టరుకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.